అటికమామిడి ఏది, గలిజేరు ఏది?



ఒంటికి నీరు పట్టినా, మూత్రం మంటగా వచ్చినా మన పెద్దలు మందు కోసం దూరం పోయేవాళ్లు కాదు. మేకల వెంట తిరిగే పిల్లల కాళ్లలో దిగే పల్లేరు, సంక్రాంతికి తెచ్చుకునే కొండపిండి, వాన పడగానే దారి పక్కన పాకే అటికమామిడి, ఇవే వాళ్ల మందులు. చరక సంహితలో మూత్రాన్ని సాఫీగా జారీ చేసే పది మొక్కల వరస ఉంది. దర్భ, రెల్లుతో పాటు మన పల్లేరూ అందులో ఉంది. అక్కడ దాని పేరు శ్వదంష్ట్ర, అంటే కుక్క కోర. ముల్లు తొక్కినవాడే ఆ పేరు పెట్టి ఉంటాడు!

కానీ పేరు ఒకటైతే మొక్క ఒకటే అనుకోవద్దు. పాషాణభేదం అంటే మన వైపు కొండపిండి, ఉత్తరాదిన హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క. మన ఇంట్లోనే ఇంకో చిక్కు ఉంది. అటికమామిడినీ గలిజేరు అంటాం, చేలో కలుపుగా మొలిచేదాన్నీ గలిజేరే అంటాం.

మాలో ఒకరి మేనత్తకు కాళ్లు వాచాయి. ఫోన్‌లో వచ్చిన వీడియో చూసి నెల రోజులు గలిజేరు కషాయం తాగించాం. మేం కాచింది చేలో గలిజేరు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయన్నారు. కషాయం వల్లే అలా అయిందని అనలేం. నెల పోగొట్టింది మాత్రం మేమే.

చేలో గలిజేరులో ఆక్సలేట్లు ఎక్కువ. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు అది మంచిది కాదు. దాని ఆకు మందం, పువ్వు ఆకు మొదట్లో అతుక్కుని ఒంటిగా ఉంటుంది. అటికమామిడి పూలు సన్నని కాడల చివర చిన్న చిన్న గుత్తులు, కాయలు జిగురుగా బట్టలకు అంటుకుంటాయి. తీగ ఎండినా లావాటి వేరు నేలలో బతికి, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. పునర్నవ అన్న పేరు అందుకే.

అసలు అటికమామిడి దొరికినా, కాళ్ల వాపుకు ముందు రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. వాపు గుండె వల్ల రావచ్చు, కిడ్నీ వల్ల రావచ్చు. ఈ మొక్కలో పొటాషియం ఎక్కువ, చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. ఇప్పటికే నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్లు కషాయం సంగతి డాక్టర్‌కు దాచవద్దు.

రెండు మొక్కలనూ వేర్లతో సహా తెచ్చి బయట బల్ల మీద పక్కపక్కనే పెట్టాం. భోజనాలకు ముందే వచ్చి చూడండి, ఎండకు వాడిపోతున్నాయి.