పట్నం పోకుండా కంటి వైద్యం



బాసరకు పిల్లల అక్షరాభ్యాసం కోసం వెళ్లినవాళ్లకు ముధోల్ పేరు కొత్త కాదు. అటు మహారాష్ట్ర సరిహద్దు, ఇటు గోదావరి. అంగట్లో తెలుగుతోపాటు మరాఠీ కూడా వినిపిస్తుంది. ఇప్పుడది నిర్మల్ జిల్లా, అప్పట్లో ఆదిలాబాద్. 1996లో ఆ ఊళ్లో ఒక కంటి ఆసుపత్రి మొదలైంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పల్లె ప్రాంతంలో పెట్టిన మొట్టమొదటి కేంద్రం అదే. దానికి భోస్లే గోపాలరావు పటేల్ పేరు పెట్టారు. చిన్న ఊరి ఆసుపత్రి పెద్దాసుపత్రితో చెయ్యి కలిపితే ఏం జరుగుతుందో ఈ పూట ఆ కథే చెబుతాను.

అంతకుముందు పల్లెకు కంటి వైద్యమంటే శిబిరమే. మా నాయనమ్మకు అలాగే ఆపరేషన్ చేశారు. బడిలో బల్లలు జరిపి మంచాలు వేశారు. వారం తిరక్కముందే శిబిరం ఎత్తేశారు. చేతికిచ్చిన సోడాబుడ్డి కళ్లద్దాలు నెలకే విరిగాయి. కన్ను ఎర్రబడినా, నీరు కారినా అడగడానికి మనిషి లేడు. ఆమె మిగతా పదేళ్లూ గోడ పట్టుకునే నడిచింది. డాక్టర్లు మంచివాళ్లే, ఆపరేషనూ బాగానే చేశారు. చేసి వెళ్లిపోయారు, అంతే. అందుకే, వచ్చి అక్కడే ఉండిపోయిన ఆసుపత్రి అంటే నాకంత గౌరవం.

పల్లెలోనే ఆసుపత్రి పెట్టాలన్న ఈ ఆలోచన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారిది. గుంటూరులో వైద్యం చదివి, అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేసి, 1986లో తిరిగొచ్చారు. సినిమా దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ కుటుంబం బంజారాహిల్స్‌లో ఐదెకరాల నేల, కోటి రూపాయలు ఇచ్చింది. అక్కడ కట్టిన ఆసుపత్రి త్వరలోనే పేరు తెచ్చుకుంది. అయితే, పేరు తెచ్చుకున్న ఆసుపత్రి దాకా రాలేనివాళ్ల మాటేమిటి?

1996 నుంచి 2000 దాకా ఆ సంస్థ హైదరాబాదులోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోను పదివేల మందికి పైగా జనం కళ్లు పరీక్షించింది. చూపు పోయినవాళ్లలో సగానికి పైగా మందికి కారణం శుక్లాలో, సరైన కళ్లద్దాలు లేకపోవడమో. ఒకదానికి చిన్న ఆపరేషన్ చాలు, రెండోదానికి అద్దాలు చాలు. అవి దూరంగా ఉండటమే జబ్బు. ముసలాయన పట్నం పోవాలంటే తోడుగా కొడుకు రావాలి. ఇద్దరి బస్సు చార్జీలు, కొడుకు కూలి పోవడం, రాత్రి ఉండాల్సొస్తే తిండి. ఆపరేషన్ ఉచితమన్నా ఆ ఇంటికి అది ఉచితం కాదు.

అందుకని వైద్యాన్ని అంచెలుగా విడగొట్టారు. సుమారు యాభై వేల జనాభాకు ఒక చిన్న దృష్టి కేంద్రం. అలాంటివి పదింటికి ముధోల్ లాంటి ఆసుపత్రి ఒకటి, అంటే ఐదు లక్షల మందికన్నమాట. శుక్లాల ఆపరేషన్లు అక్కడే అవుతాయి. రెటీనా, కార్నియా లాంటి చిక్కు జబ్బులు పై ఆసుపత్రులకు వెళ్తాయి. దీన్ని వాళ్లు పిరమిడ్ అంటారు. నాకైతే చెరువు, కాలువ, పిల్లకాలువ అంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఇప్పుడు ఆ పిల్లకాలువలు 200కు పైగా ఉన్నాయి.

నేనొక దృష్టి కేంద్రంలో సగం పూట కూర్చున్నాను. మండల కేంద్రంలో ఒక అద్దె గది. గోడకు చార్టు, బల్ల మీద కన్ను చూసే యంత్రం, పెట్టె నిండా గుండ్రటి అద్దాలు. అక్కడ కళ్లు పరీక్షించే కుర్రాడు ఆ చుట్టుపక్కల ఊరివాడే. ఇంటర్ పాసై, ఏడాది శిక్షణ తీసుకుని వచ్చాడు. నన్నడిగితే ఈ ఏర్పాటంతటికీ ఆయువుపట్టు ఇదే. పట్నం డాక్టరును పల్లెలో ఉండమని బతిమాలడం కష్టం. పల్లె పిల్లలకు పని నేర్పితే, వాళ్లు ఎలాగూ అక్కడే ఉంటారు.

బీడీలు చుట్టే ఆమె వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి.

"దారం ఆనుతలేదు తమ్మీ" అంది.

వెయ్యి బీడీల లెక్కన కూలి. దారం ముడి కంటికి ఆనకపోతే బీడీ వదులవుతుంది, వదులైతే లెక్కలోకి రాదు. చదువు రాదంది. అతను అక్షరాలు లేని చార్టు చూపించాడు. మూడు పళ్ల దువ్వెన లాంటి గుర్తు, పళ్లు ఎటున్నాయో ఆమె వేళ్లతో చూపాలి. కంటి లోపల ఒత్తిడి చూశాడు. నీటికాసులు నొప్పి లేకుండానే చూపు తినేస్తాయి కాబట్టి ఆ పరీక్ష తప్పనిసరి అన్నాడు. అనుమానం వస్తే పెద్ద డాక్టర్లకు ఫొటో పంపి అడుగుతాడట. ఈమెకు ఉన్నది చత్వారమే. అద్దాలు మార్చి మార్చి పెట్టి, సంచిలోంచి దారపుండ తీయమన్నాడు. ఆమె పోగు వేలికి చుట్టుకుని ముడి వేసింది. మళ్లీ విప్పి, ఇంకోసారి వేసింది.

ముధోల్ లాంటి చోట్ల స్థలానికీ భవనానికీ దాతలు ముందుకొస్తారు. మనుషులకు శిక్షణ, పద్ధతి హైదరాబాదువి. రోగుల్లో దాదాపు సగం మంది దగ్గర డబ్బు తీసుకోరు, ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చేదానితో చాలావరకు నడుస్తుంది. ఊరికి తన ఆసుపత్రి అన్న అభిమానం, పెద్ద సంస్థకు నాణ్యత మీద పట్టు. రెంటిలో ఏది తగ్గినా అది మళ్లీ శిబిరమే అవుతుంది.

నేను లేవబోతుండగా ఒక ముసలాయన వచ్చాడు. ఎద్దు తల విదిలిస్తే అద్దాల కాడ వంగిపోయిందట. కుర్రాడు సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. కాడ సరిచేసి, ఆయన చెవుల మీద పెట్టి, ఎదురుగా నిలబడి, వంకర పోలేదని చూసుకున్నాడు.

"ఎంతియ్యాలె బిడ్డా?"

"ఏమొద్దు తాతా, మళ్లీ వదులైతే రా."

ఆయన గడప దిగి, ఎండలో ఒక్క క్షణం ఆగి, రోడ్డవతలి బస్సు బోర్డు పైకే చదివి నడిచిపోయాడు.