మౌల్మీనులో ఒక తెలుగు కాపురము



రంగూను వెళ్లుట యనునది గోదావరి, విశాఖపట్టణ, గంజాము మండలముల తీరవాసులకు ఒకప్పుడు వింత కాదు. కాకినాడకు చేరువనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కినవారగుటచే బర్మాలో తెలుగువారికి "కోరంగీలు" అను పేరు కలిగెను. 1839లో పెనుతుపాను ఆ రేవును పాడుచేసినను పేరు మాత్రము సముద్రము దాటి బ్రతికినది. ఆ పేరు పలుకు నోళ్లలో ఎప్పుడును గౌరవమే యుండెనని చెప్పుట సత్యము కాదు. రేవుకూలీల కష్టములను గూర్చి పలువురు వ్రాసిరి; కాపురములను గూర్చి వ్రాసినవారు తక్కువ. కావున మౌల్మీను పట్టణమున నుండిన అట్టి కాపుర మొకటి ఈ ప్రసంగమునకు చాలును.

మౌల్మీను సాల్వీను నది సముద్రమున కలియుచోట నున్నది. టేకు దుంగలు ఆ నదిపై తేలివచ్చి కోతమిల్లులకు చేరుచుండెడివి. ఇంటి యజమాని అట్టి మిల్లులో గుమాస్తా. ఇంట భార్య, ఇద్దరు బిడ్డలు, వృద్ధమాత. కొయ్యస్తంభములపై నిలిపిన పలకల ఇల్లు, ప్రక్కనే వెదురుకంచె, కంచె కావల బర్మా కుటుంబము.

ఆ యిల్లాలికి తొలినాళ్లలో వైరి మనుష్యులు కారు, వాన. మన తీరమున ఏటికి 40 అంగుళములు కురిసిన మంచి యేడందుము. మౌల్మీనులో దాదాపు 190. ఇచ్చట ఆవకాయ పెట్టుకొను దినములకే అచ్చట ఆకాశము మూసికొనును. మిరపకాయలైనను వడియములైనను ఫాల్గుణ చైత్రములలోనే యెండవలెను. ఒకనాడామె బావికి పోయియుండగా అకాలపు మబ్బు క్రమ్మినది. పరుగున వచ్చి చూడగా చాప లేదు, వడియములు లేవు. దొంగలని కేకవేయబోవునంతలో పొరుగామె నవ్వుచు తన వసారా చూపినది. వడియములు చాపతో సహా అచ్చట భద్రముగా నుండెను.

నాటినుండి రాకపోకలు మొదలయ్యెను. బిడ్డలామెను "అమా" యని పిలువసాగిరి. బర్మా భాషలో ఆ మాటకు అక్క యని యర్థము. ముసలమ్మకు మాత్రము అది "అమ్మా" యనియే వినబడెడిది. కన్నతల్లి యెదుట మరియొకతెను అమ్మ యందురా యని ఆమె చాలకాలము కినుక వహించినది. "అన్నము తింటివా?" యని పలుకరించుట ఉభయులకును ఆచారమే. వంటల విషయమున సంధి కుదురుట ఆలస్యమైనది. చేపలు పులియబెట్టి చేయు ఙపీ వాసనకు ఈ యింటి కిటికీలు మూతపడెడివి. ఇంగువ పోపునకు ఆ యింటివి. కార్తిక పూర్ణిమనాడు మాత్రము రెండిండ్లును వెలుగుచుండెడివి. బర్మావారికిని ప్రాయికముగా అదే రాత్రి దీపముల పండుగ.

1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మె చేయగా వారి స్థానమున బర్మావారిని పెట్టుకొనిరి. సమ్మె ముగియగనే వారిని త్రోసివేసిరి. ఆ రగులుటలో నూరుమందికి పైగా హతులైరి. ఇరుజాతుల పేదలను యజమానులు ఒకరిపై నొకరిని ఉసికొల్పినట్లయినది. వార్త వచ్చిన పిదప వెదురుకంచె వద్ద మాటలు నిలిచిపోయెను. ఎనిమిదవ నాడు పొరుగామె రెండు కొబ్బరికాయలు గుమ్మమున పెట్టి యేమియు ననక పోయినది. మరునాడు ఈ ఇల్లాలు వాటిలో నొకదానితో చేసిన లౌజు పంపినది. జరిగినదానిని గూర్చి వారెన్నడును మాటాడుకొనలేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. జనవరిలో ఈ కుటుంబము మూటలు కట్టినది. ఆనాటి కీ యింటి బాకీ, రెండు సోలల నువ్వులనూనె. ఇల్లాలు గిన్నెతో పోగా పొరుగామె పుచ్చుకొనలేదు. తిరిగి వచ్చిన పిదప ఇమ్మన్నది. తాళపుచెవి మాత్రము పుచ్చుకొన్నది. నది దాటి మర్తబానులో రైలెక్కి, రంగూనులో ఓడ దొరకించుకొని వారు బయటపడిరి. ఓడలో చోటు దొరకని లక్షలమంది అడవులు, కొండలు కాలినడకన దాటిరి. వేలమంది త్రోవలోనే కలరాకు, ఆకలికి బలియైరి. జనవరి 31న మౌల్మీను జపానువారి వశమయ్యెను.

ఆ కుటుంబము మరల పోలేదు. 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను స్వాధీనము చేసికొనగా మరల తెలుగువారు ఓడలపై వచ్చిరి. పెద్దకుమారుడు విశాఖపట్టణము పోయి, దిగినవారిలో మౌల్మీనువారిని వెదకి, ఆ వీథిని గూర్చి విచారించెను. వీథి యున్నదనిరి, ఆ యింటివారిని ఎరిగినవా రెవరును లేరు.

ఇల్లాలు స్వగ్రామముననే వృద్ధురాలైనది. పెరటిలో వడియములుండగా మబ్బు క్రమ్మినప్పుడెల్ల ఆమె గోడమీదుగా "అమా! అమా!" యని కేకవేసెడిది. ఆ గోడ కావలి ఆమె, తననే అమ్మా యని పిలిచెనని తలచి, "వచ్చితి" ననుచు పరుగెత్తి వచ్చి చాప యెత్తెడిది.