నిద్రలేమి - నిద్రమాత్ర

సంజయుడు పాండవులకడనుండి మరలివచ్చిన నాటి రాత్రి ధృతరాష్ట్రునకు నిద్రపట్టలేదు. అతడు విదురుని పిలిపించి తన తాపమును చెప్పుకొనెను. విదురుడు మందేమియు చెప్పలేదు. బలవంతునితో పగ తెచ్చుకొన్నవానికిని, ధనము పోగొట్టుకొన్నవానికిని, కామాతురునకును, దొంగకును నిద్ర రాదందురు గదా, వీనిలో ఏది నిన్ను సోకినదని మొదట ప్రశ్నించెను. నేటి వైద్యులకును ఇదియే సరియైన మార్గము. నిద్రలేమి కొందరియందు స్వతంత్రముగా ఒక వ్యాధియే. కాని పెక్కుమార్లు అది వేరొక బాధకు గుర్తు. ఆ బాధ యేదో విచారింపక మాత్ర మింగుట, వాకిట కుక్క మొరుగుచుండగా దొంగ వచ్చెనేమో చూడక కుక్కనోరు కట్టివేయుట వంటిది.

పెనుబల్లి, సత్తుపల్లి ప్రాంతములందే గాదు, ఏ పల్లెకు పోయినను అరువదియేండ్లు దాటిన పెద్దలనుండి వినవచ్చు మాట యొకటి కలదు. “ఎనిమిదింటికే పండుకొందును. రెండుగంటలకు మెలకువ వచ్చును. ఇక తెల్లవారుదాక కన్ను మూతపడదు.” లెక్క చూతము. ఎనిమిదినుండి రెండువరకు ఆరుగంటలు. మధ్యాహ్నము భోజనానంతరము వేపచెట్టు నీడను గంటసేపు కునికినదానిని చేర్చిన ఏడు. వృద్ధులకు ఏడెనిమిది గంటలు చాలునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇట్టివానికి నిద్ర తక్కువ కాలేదు; పెందలకడ వచ్చి పెందలకడ పోయినది, అంతే. వయసు పెరిగినకొలది గాఢనిద్ర తగ్గును, చిన్న అలికిడికే మెలకువ వచ్చును. అడవి అంచు చేలలో పందులకు కాపుగా మంచెమీద రాత్రులు గడపినవారికి ఈ మెలకువ ఒకనాడు మేలే చేసియుండును.

చరకుడు ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూటిని శరీరమునకు ఊతలుగా చెప్పెను. పగటినిద్రను సామాన్యముగా కూడదన్నను, గ్రీష్మకాలమున అంగీకరించెను. వృద్ధులకు, బాలురకు, బలహీనులకు మినహాయింపు నొసగెను. కావున రోహిణికార్తె ఎండలలో కునుకును మానుడని నేననను. అది అరగంటతో ముగియవలెను. మూడుగంటలు దాటిన పిమ్మట వలదు. నిద్రరానివారికి గేదెపాలు మేలని ప్రాచీనులు వ్రాసిరి. వానివలన హాని లేదు గాని, రాత్రి మాటిమాటికి మూత్రమునకు లేచువారు పండుకొనబోవుచు గిన్నెడు పాలు త్రాగినచో ఉన్న నిద్రయు పోవును. ఇక సాయంకాలపు టీ విషయము. అందలి కెఫీను శరీరమున సగమునకు తగ్గుటకే ఐదారుగంటలు పట్టును. చుట్టయు అట్టిదే. పొగాకు మనసును నెమ్మదిపరచునని తోచును గాని, దానిలోని నికొటిను మెదడును మేల్కొలుపును.

విదురుని ప్రశ్నను ఇప్పుడు మనము వేసికొనవలెను. మోకాళ్లనొప్పియా? రాత్రి నాలుగైదుమార్లు లేపు మూత్రబాధయా? అట్లయిన మధుమేహమో, పురుషులలో మూత్రాశయముక్రింది గ్రంథి పెరుగుటయో కావచ్చును. వెల్లకిల పండుకొనగానే ఆయాసము వచ్చునా? గుండెను పరీక్ష చేయింపవలెను. బిగ్గరగా గురకపెట్టుచు నడుమ ఊపిరి ఆగి ఉలికిపడి లేచుచున్నారా? ఇది మనకు తెలియదు, ప్రక్కన పండుకొన్నవారిని అడుగవలెను. ఇట్టివారికి నిద్రమాత్ర మిక్కిలి అపాయకరము. రక్తపుపోటునకై ఇచ్చిన మూత్రము జారీచేయు మాత్రను సాయంకాలము వేసికొనుచున్నచో, ఉదయమునకు మార్పవచ్చునేమో వైద్యుని అడిగిన అంతటితోనే బాధ తీరవచ్చును. ఏ నొప్పియు లేక, తెల్లవారుజామున మూడింటికి మేల్కొని, దిగులు క్రమ్ముకొని, అన్నము రుచింపక, ఎవరితోను మాటలాడ నిచ్చగింపకుండుట దుఃఖరోగము. భార్యయో భర్తయో గతించిన పిదప ఇది తరచుగా వచ్చును. మన పల్లెలలో దీనిని రోగమని చెప్పుకొనుటకు సంకోచింతురు. దీనికి చికిత్స కలదు. నిద్రమాత్ర ఆ చికిత్స కాదు.

కారణమేదియు కనబడక నెలలతరబడి నిద్ర పట్టనివారికి మందులేని పద్ధతులు కలవు. 1972లో అమెరికాలో రిచర్డు బూట్జిన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు చెప్పినది మిక్కిలి సులభమైనది. నిద్ర రాక మంచముమీద పొరలగా పొరలగా మంచమే చింతకు స్థానమగును. కావున కన్నులు బరువెక్కినప్పుడే పండుకొనవలెను. ఇంచుమించు ఇరువది నిమిషములలో పట్టకున్న లేచి అరుగుమీద కూర్చుండవలెను. గడియారమును, ఫోనును చూడరాదు. మరల కునుకు తోచినప్పుడు పోయి పండుకొనవలెను. రాత్రి ఎట్లు గడచినను తెల్లవారి లేచు వేళ మారరాదు. లేచునపుడు దీపమును చేతికఱ్ఱయు అందుబాటున నుండవలెను సుమా. 1987లో ఆర్థరు స్పీల్మను మొదలగువారు వేరొకటి ప్రకటించిరి: ఆరుగంటలే నిద్రించువాడు తొమ్మిదిగంటలు మంచముమీద నుండక ఆరుగంటలే యుండి, నిద్ర చిక్కబడిన పిమ్మట వారమునకొక పావుగంట చొప్పున పెంచుకొనుట. మొదటివారములో పగలు తూగు వచ్చును. మూర్ఛరోగులు వైద్యుని అడుగక దీనికి పూనుకొనరాదు. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రకంటె ముందుగా ఇట్టి పద్ధతులతో కూడిన చికిత్సనే ప్రయత్నింపవలెనని 2016లో అమెరికా వైద్యసంఘ మొకటి సిఫారసు చేసినది.

మాత్రల చరిత్ర కొంత తెలిసికొనదగినది. 1832లో లీబిగు అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు క్లోరలు హైడ్రేటును తయారుచేసెను. 1869లో లీబ్రైకు అను వైద్యుడు దానిని నిద్రమందుగా ప్రవేశపెట్టెను. అది అలవాటై పలువురిని పాడుచేసినది. 1903లో బార్బిటోను వచ్చినది. ఆ జాతి మందులు మోతాదు మించిన ప్రాణములు తీసినవి. 1963లో డైజిపాము, 1981లో ఆల్ప్రజోలము వచ్చినవి. ప్రతి క్రొత్తమందును పాతదానికంటె నిరపాయమనియే ప్రశంసింపబడినది. కొంతవరకు నిజమే గాని, అలవాటు మాత్రము ఏ తరమునను వదలలేదు.

ఆ 1869 నాటి మందు మన తెలంగాణమున కల్లుకుండలో తేలినది! తాటిచెట్టునుండియో, ఈతచెట్టునుండియో, మన అడవులలోని జీలుగుచెట్టునుండియో దింపిన కల్లు వేరు. కొన్ని దుకాణములలో క్లోరలు హైడ్రేటో, డైజిపామో, ఆల్ప్రజోలమో కలిపి కల్లని అమ్ము ద్రవము వేరు. ఇట్టి కల్తీ పలుమార్లు పట్టుబడినది. 2025 జూలైలో హైదరాబాదునందలి కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. “రాత్రి ఒక సీసా త్రాగిననే నాకు నిద్ర” అనువాడు కల్లునకు గాక తానెరుగని మాత్రకు అలవడియుండవచ్చును. శుద్ధమైన కల్లైనను మొదటి జామున మత్తునిచ్చి, అర్ధరాత్రి దాటగానే నిద్రను ఛిద్రము చేయును.

మాత్ర ఎన్నటికిని కూడదా? అట్లనను. ఇంట మరణము సంభవించినపుడో, శస్త్రచికిత్స వేళనో, వైద్యుడు కొలది మోతాదును కొలదిదినములకై వ్రాసియిచ్చిన వేసికొనవచ్చును. నాలుగువారములు దాటనీయరాదు. ముసలితనమున కాలేయము నెమ్మదిగా పనిచేయుటచే డైజిపాము వంటివి దినములతరబడి ఒంటిలో నిలిచియుండును. తెల్లవారి తూలుట, మతిమరపు, రాత్రి లేచి పడి తుంటియెముక విరుగుట - ఈ మూడవదానివలన లేచి తిరుగు పెద్దలెందరో మంచము పట్టుదురు. చీటి లేక ఆల్ప్రజోలమును విక్రయించుట నేరము. 2014 నుండి అంగడివాడు ప్రతి అమ్మకమును ప్రత్యేకపుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. చీటి లేకుండ దొరకునని జలుబుమాత్రను, దురదమాత్రను నిద్రకై వాడువారు కలరు. అవి వృద్ధులకు మతిభ్రమను, మూత్రబంధమును కలిగించును.

అయితే ఏండ్లతరబడి మాత్ర వేసికొనుచున్నవారు ఈ ప్రసంగము విని రేపే దానిని పారవేయరాదు. తటాలున మానిన చేతులు వణకుట, సంధివలె పలవరించుట, మూర్ఛలు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును కలుగును. 2015లో కల్తీకల్లును అరికట్టినపుడు నిజామాబాదు మొదలగు జిల్లాలలో ఎందరో ఈ లక్షణములతోనే ఆసుపత్రులకు వచ్చిరి. వైద్యుని పర్యవేక్షణమున వారములు, నెలలు పట్టినను మోతాదును మెల్లమెల్లగా తగ్గింపవలెను. పెనుబల్లి ప్రభుత్వాసుపత్రికి పోవునపుడు ఇంటనున్న మందులన్నియు సంచిలో వేసికొని పొండు. పదునాలుగు రాత్రులు ఎప్పుడు పండుకొంటిరో, ఎప్పుడు లేచితిరో మనుమనిచేతనైన ఒక కాగితముపై వ్రాయించుకొని పొండు. దిగులు మిక్కుటమైనచో 14416 అను సంఖ్యకు ఫోను చేసిన ఉచితముగా సలహా చెప్పుదురు. కల్లు త్రాగు అలవాటున్నచో, ఎంత, ఏ దుకాణమునందని సిగ్గుపడక వైద్యునితో చెప్పుడు. అది తెలియనిదే అతడు సరియైన మోతాదును నిర్ణయింపజాలడు.