మన కంపెనీ పట్టీ మన చేతికి రావాలి

(రైతు ఉత్పత్తిదారుల కంపెనీల డైరెక్టర్ల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కంపెనీకి రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలో చెప్పమని మమ్మల్ని అడిగారు. ఇది కంప్యూటర్ చదివిన పిల్లలు చెప్పాల్సిన విషయం కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మేమూ అలాగే అనుకుని ఒక ఏడాది పక్కకు తప్పుకున్నాం. దెబ్బ తిన్నాం. ఆ దెబ్బ మీకు తగలకూడదనే వచ్చాం.

మిర్చి యార్డులో పట్టీ కోసం మనం చేసిన పోరాటాలు మీకు గుర్తుండే ఉంటాయి. కాటా ఎంత తూగింది, తరుగు ఎంత తీశారు, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, అన్నీ విడివిడిగా రాసి ఇవ్వమన్నాం. తెల్లకాగితం మీద ఒక్క అంకె వేసి ఇస్తే ఒప్పుకోలేదు. ఇప్పుడు కంపెనీ మనమే పెట్టుకున్నాం. 2002లో కంపెనీల చట్టానికి జరిగిన సవరణతో ఉత్పత్తిదారుల కంపెనీకి దారి ఏర్పడింది. ఎన్ని వాటాలున్నా సభ్యుడికి ఒకటే ఓటు. 2020లో కేంద్రం పదివేల సంఘాల పథకం తెచ్చాక మన ప్రాంతంలోనూ చాలా కంపెనీలు వచ్చాయి. ఆ పథకంలో నిర్వహణ ఖర్చులకు మూడేళ్లకు కలిపి 18 లక్షల దాకా ఇస్తారు. ఆ తర్వాత సీఈవో జీతం, గోడౌను అద్దె అన్నీ మన వ్యాపారంలోంచే రావాలి. అప్పుడు కంపెనీ నిలబడాలంటే లెక్క తెలిసి ఉండాలి.

ఇక మా సంగతి. మా కంపెనీకి ఒక సంస్థ వాళ్లు వచ్చారు. ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల బొమ్మలు చూపించారు. ఏ నెల ఎంత కొన్నారు, ఎంత అమ్మారు, ఎంత లాభం, అంతా తెర మీద కదులుతూ కనిపించింది. మేం డైరెక్టర్లం తలలూపాం. ఏడాది ఫీజు ముందే కట్టేశాం. ఆ బొమ్మల వెనకున్న అంకెలు ఎవరివని ఒక్కరమూ అడగలేదు.

ఆ ఏడాది సర్వసభ్య సమావేశంలో గోడ మీద ఆ తెరే వేశాం. సగటు ధర ఇంత, లాభం ఇంత అని సీఈవో చదివాడు. వెనక వరుసలోంచి ఒక అక్క లేచింది. "అదంతా సరేనయ్యా, నా పన్నెండు టిక్కీలు ఏ రేటుకి పోయినయ్?" అంది. తెరలో వెతికారు, దొరకలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కు సగటే తెలుసు గానీ ఆమె తెలియదు. "అయితే దీనికన్నా కమీషన్ వ్యాపారే నయం, చీటీ ముక్కైనా ఇస్తాడు" అని కూర్చుంది. మాలో ఎవరికీ నోట మాట రాలేదు.

తర్వాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంటే ఒక్కొక్కటీ బయటపడింది. కొన్నిచోట్ల సరుకు టిక్కీల్లో రాశారు, కొన్నిచోట్ల క్వింటాళ్లలో. ఒక టిక్కీ 40 కిలోలుంటే ఇంకోటి 45 ఉంటుంది. ఒకే రైతు పేరు మూడు రకాల స్పెల్లింగులతో ఎక్కి ముగ్గురయ్యాడు. తాలు కాయ, మంచి కాయ ఒకే పద్దులో కలిశాయి. కోల్డ్ స్టోరేజీ అద్దె, బ్యాంకు వడ్డీ వేరే పుస్తకంలో ఉండిపోయాయి. అందుకే తెర మీద లాభం కనిపించింది. ఆ లాభాన్ని నమ్మి సరుకు ఇంకా ఆపాం. చివరికి తగ్గిన ధరకు అమ్ముకున్నాం.

కొత్త ఏడాదికి ఫీజు కట్టబోమన్నాం. మా లెక్కలు మాకివ్వమంటే కాగితం ఫొటోల్లాంటి పీడీఎఫ్‌లు చేతిలో పెట్టారు. వాటిలోంచి అంకెలు తీసి మళ్లీ టైపు చేయడానికి మా ఊరి పిల్లలిద్దరికి వారాలు పట్టింది. మన సరుకు మన గోడౌనులోనే ఉండి తాళంచెవి పరాయివాడి దగ్గరుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

రెండోసారి మేం సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టలేదు. ప్రశ్నలతో మొదలుపెట్టాం. సభ్యులను కూర్చోబెట్టి మీకేం తెలియాలని అడిగాం. ఐదు తేలాయి. ఎవరి సరుకు, ఏ రకం, ఎంత, ఎక్కడుంది? ఎవరిది ఏ రేటుకు అమ్మాం, ఆ రోజు యార్డులో రేటెంత? అద్దె, వడ్డీ, హమాలీ, రవాణా కలిపి క్వింటాలు మీద మన ఖర్చెంత? మనకు ఎవరు బాకీ, మనం ఎవరికి బాకీ, ఎన్నాళ్ల నుంచి? దుకాణంలో గడువు తీరబోతున్న పురుగుమందు ఎంత? ఈ ఐదింటికీ జవాబు చెప్పని సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని రంగులున్నా మనకు పనికిరాదు.

ఆ తర్వాత రిజిస్టర్లు బాగుచేశాం. ప్రతి సభ్యుడికి ఒక నంబరు ఇచ్చాం. తూకం కిలోల్లోనే రాయాలి, రశీదు ఆ రోజే ఎక్కాలి అని నియమం పెట్టుకున్నాం. పుచ్చు విత్తనం వేసి మంచి పంట రాలేదంటే ఎలా?

అప్పుడే అమ్మేవాళ్లను పిలిచాం. మీ బొమ్మలు వద్దు, మా మూడు నెలల రిజిస్టర్లు ఇస్తాం, మా ఐదు ప్రశ్నలకు మా అంకెలతో జవాబు చూపించమన్నాం. కొందరు మళ్లీ రాలేదు. ఆ ఒక్క పరీక్షతోనే సగం పని తేలింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. లెక్క రాసే సాఫ్ట్‌వేర్ వేరు, రాసిన లెక్కను ప్రశ్నలడిగే సాఫ్ట్‌వేర్ వేరు. ట్యాలీ మొదటి రకం. పవర్ బీఐ, జోహో అనలిటిక్స్, మెటాబేస్ లాంటివి రెండో రకం. మొదటిది సరిగ్గా లేకుండా రెండోది కొంటే డబ్బు దండగ. పవర్ బీఐ మన కంప్యూటర్‌లో పెట్టుకోవడానికి డబ్బక్కర్లేదు గానీ, పదిమందితో పంచుకోవాలంటే మనిషికింత అని కట్టాలి. మెటాబేస్‌లో ఉచితంగా వాడుకునే రకం ఉంది గానీ, సర్వర్ చూసుకునే మనిషి కావాలి. ఉచితం అంటే ఖర్చు లేదని కాదు, ఆ ఖర్చు ఇంకోచోట ఉంటుందని. చాలా గోడౌన్లు, పెద్ద టర్నోవర్ ఉన్న కంపెనీకి పెద్ద ఏర్పాటే కావాల్సి రావచ్చు. మేం మాత్రం ఖాతాలు ట్యాలీలోనే ఉంచాం, సరుకు వివరాలు ఎక్సెల్‌లో పెట్టాం, రెండూ కలిపి నెలకో పేజీ తీస్తున్నాం. మా సైజుకు అది చాలు.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు నాలుగు మాటలు రాయించుకోండి. ఒకటి, మన లెక్కలు మన సొత్తు, అడిగిన రోజు ఎక్సెల్‌లో తెరుచుకునేలా మొత్తం ఇవ్వాలి. రెండు, రెండో ఏడాది, మూడో ఏడాది ఫీజు ఎంతో ఇప్పుడే చెప్పాలి. మూడు, సభ్యుడి చీటీ తెలుగులో రావాలి. నాలుగు, సభ్యుల ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఆధార్ వివరాలు ఇంకెవరికీ ఇవ్వకూడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. మన రైతుల జాబితా విత్తన కంపెనీలకూ, పురుగుమందుల కంపెనీలకూ బంగారం లాంటిది. దాన్ని ఊరికే పారేసుకోకండి.

ఇంకో మాట. అధికారులకు, బ్యాంకుకు పంపే రిపోర్టు వేరు, సభ్యుడికి కావలసిన రిపోర్టు వేరు. పైకి పంపేది ఒక్కరోజు ఆలస్యమైతే మనం పరుగులు పెడతాం. సభ్యుడిది మాత్రం ఏడాదైనా పట్టించుకోం. సర్వసభ్య సమావేశం నోటీసు కనీసం 14 రోజుల ముందు, ఆడిట్ అయిన లెక్కలతో కలిపి సభ్యులకు పంపాలని చట్టమే చెబుతోంది. చట్టం చెప్పేది కనీసం. మనం నెలనెలా చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ వస్తే ధర వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. ధర పోరాడితేనే వస్తుంది. మిర్చికి మద్దతు ధర లేదు. 2025లో ధర కూలిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. అది చాలదని మనం అంటాం. ఎంతైతే చాలుతుందని వాళ్లడిగితే మన ఖర్చు లెక్క తీసి బల్ల మీద పెట్టగలగాలి. పోరాటానికీ లెక్కే ఆయుధం.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున మా కార్యాలయం గోడ మీద తెలుగులో ఒక పేజీ అంటిస్తున్నాం. సరుకు అమ్మిన ప్రతి సభ్యుడికీ చీటీ ఇస్తున్నాం. ఆ అక్క తన చీటీ మనవడితో చదివించుకుని, మాకు తెలియకుండా జారిపోయిన ఒక తప్పు పట్టుకుంది. హమాలీ రెండుసార్లు పడింది. దిద్ది ఆమె డబ్బు ఆమెకిచ్చాం. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని మీరు మమ్మల్ని అడిగితే చెప్పేది ఇదే. సభ్యుడు చదివి మన తప్పు పట్టుకోగలిగితే అది మంచిది.

మీ ఊళ్లకు వెళ్లాక సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేయకండి. ముందు మీ సభ్యులను పిలిచి వాళ్ల ప్రశ్నలు రాసుకోండి.

సెలవు.