మాట ఉండగానే మన మాట చెప్పుకొందము

(కుటుంబ ఆరాధన కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండిన ఈ సంతోష సమయమున ఇటువంటి విషయము ఎందుకు ఎత్తితిమని కొందరికి తోచవచ్చును. ఈ నూరేండ్లును మన పితరులు రోగుల మంచముల ప్రక్క మోకరించి ప్రార్థించిరి. నేడు ఆ మంచము ఐ.సి.యు.లో ఉన్నది, దాని చుట్టు యంత్రములున్నవి. కనుక ఈ విషయమును మనదే.

కొన్ని యేండ్ల క్రిందట ఒక రాత్రి ఒక సంఘ పెద్ద కుమారులు మమ్మును ఆసుపత్రికి పిలిపించిరి. పెద్దాయనకు మెదడులో రక్తస్రావమై తెలివి లేదు. వెంటిలేటరు మీద ఉంచిరి. ఇక కోలుకొను ఆశ లేదని డాక్టరుగారు చెప్పిరి. "గొట్టాలు తీసేయమందాం, నాన్నను ఇంకా బాధపెట్టొద్దు" అని పెద్ద కుమారుడు. "నాన్నను చంపిన పాపం నాకొద్దు" అని చిన్న కుమారుడు. కుమార్తె గోడకు ఆనుకొని ఏడ్చుచుండెను. ముగ్గురును మా వైపు తిరిగి, "అయ్యగారూ, మీరెట్లా చెబితే అట్లా చేస్తాం" అనిరి. వేదాంత కళాశాలలో నేర్చినదేదియు ఆ వరండాలో మాకు అక్కరకు రాలేదు. ప్రార్థన చేసి ఇల్లు చేరితిమి.

పదకొండవ దినమున ఆయన ప్రభువునందు నిద్రించిరి. తన భూస్థాపనకు ఏ కీర్తనలు పాడవలెనో ఆయన బైబిలు చివరి పుటలో స్వహస్తముతో వ్రాసియుంచిరి. రెండెకరముల పొలమునకు వీలునామా రిజిస్టరు చేయించిరి. ఆ పదకొండు దినముల గురించి మాత్రము ఒక్క మాటయు చెప్పియుండలేదు. ఆ అన్నదమ్ములు ఈనాటికిని మందిరములో ఒకే బల్ల మీద కూర్చుండరు. అది ఆస్తి తగవు కాదు. "నాన్న మనసు నాకు తెలుసు" అని ఇద్దరును అందురు. నాన్నను అడిగినవారు ఎవరును లేరు. ప్రతి ఆదివారము ఆయనను చూచిన మేమును అడుగలేదు.

తన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దని యాకోబు మొదట యోసేపు నొక్కనిని పిలిచి ప్రమాణము చేయించుకొనెను. తరువాత కుమారులందరిని చేర్చుకొని అదే సంగతి మరల చెప్పెను. ఒకనికి అప్పగించెను, అందరికిని తెలియజేసెను. ఒకప్పుడు తమ్ముని అమ్ముకొన్న ఆ అన్నలు సయితము తండ్రి సమాధి దగ్గర తగవుపడలేదు. హిజ్కియా రాజునకు ఇంటి సంగతులు సరిచేసికొమ్మని ప్రవక్త చెప్పెను. అయినను రాజు ప్రార్థించెను, దేవుడు పదునైదేండ్లు పొడిగించెను, అంజూరపు పండ్ల ముద్దతో వైద్యమును జరిగెను. కావున ముందుగా ఏర్పాటు చేసికొనుట అవిశ్వాసము కాదు, వైద్యమును త్రోసివేయుటయు కాదు.

మన దేశములో దీనికి చట్టబద్ధమైన మార్గమున్నది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ముందస్తు వైద్య ఆదేశమును అంగీకరించెను. దీనినే లివింగ్ విల్ అందురు. మొదట మేజిస్ట్రేటు సంతకము కావలసియుండెను. 2023 జనవరి 24న ఆ పద్ధతిని సులభము చేసిరి. స్వస్థచిత్తుడైన వయోజనుడు తన యిష్టపూర్వకముగా వ్రాసి, ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువీకరింపజేసికొనవలెను. తనకు తెలివి లేనప్పుడు తన పక్షమున మాటలాడు సంరక్షకులను లేక దగ్గరి బంధువులను పేర్కొనవలెను. ఒకరికంటె ఎక్కువమందిని వ్రాయవచ్చును. ప్రతి యొకటి కుటుంబ వైద్యునికి ఇచ్చుట మంచిది.

ఆ కాగితము చూపగానే యంత్రమును ఆపివేయరు. రోగి తన నిర్ణయము చెప్పలేని స్థితిలో ఉండి, కోలుకొను ఆశ లేదని రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకొనినప్పుడే అది అమలగును. నొప్పి తగ్గించు వైద్యము ఆగదు. ప్రాణము తీయుటకు సూదిమందు ఇచ్చుట మన దేశములో నేరమే. ఇది అది కాదు. మనసు మారినయెడల ఎప్పుడైనను వ్రాతమూలముగా రద్దు చేసికొనవచ్చును.

ఒక హెచ్చరిక. ఖర్చు చూచి, ఆస్తి చూచి పెద్దవారిచేత సంతకము పెట్టించుట పాపము. ఆఖరి వరకు వైద్యము కావలెనని కోరువారు అదే వ్రాయవచ్చును. పెద్దవారి మనసు వినుటకే గాని మన మనసు వారిచేత పలికించుటకు కాదు.

మీకు చెప్పుటకు ముందు మేము మా తల్లిగారిని అడిగితిమి. ఆ ప్రశ్న నోట రావుటకు మూడు వారములు పట్టెను. ఆమె చిక్కుడుకాయలు తుంచుచునే, "నొప్పి తెలియకుండా చూడండి. పక్కన కూర్చొని పాట పాడండి. బాగవనని తెలిశాక ఆ గొట్టాలు నాకొద్దు" అనిరి. తన పక్షమున ఎవరు మాటలాడవలెనని అడిగితిమి. "నువ్వు కాదు నాయనా, నువ్వు ఏడుస్తావు. అక్కయ్య అయితే గట్టిగా చెబుతుంది" అనిరి. పాదిరికి అది కొంత చిన్నతనముగానే తోచెను. కాని ఆ రాత్రి నెమ్మదిగా నిద్రపట్టెను.

ప్రియులారా, ఈ వారము కుటుంబ ప్రార్థన ముగిసిన పిమ్మట బైబిలు మూసి వెంటనే లేచిపోకుడి. ఒకరినొకరు అడుగుడి. చెప్పినది వ్రాయుడి, అందరికిని వినిపించుడి. మన బిడ్డలకు పొలము మిగిలినను మిగులకపోయినను, మన మంచము ప్రక్క నిలిచి తగవుపడు దినము మిగులకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.