కళాశాలలో భూశాస్త్ర బోధన



పట్టణమున భూశాస్త్రము చదువుచున్న కుఱ్ఱవాడొకడు సెలవులకు ఊరికి వచ్చినాడనుకొనుడు. తండ్రి వానిని పొలమునకు తీసికొనిపోయి, "అబ్బాయీ, మన రేగడి చేను ఎంత వాన పడ్డా తాగుతుంది గదా, మరి అందులో తవ్విన బావికి ఊట ఎందుకు రాదురా?" అని అడుగును. కొడుకునకు రాళ్ల పేర్లు ఇరువది వచ్చును. ఈ ప్రశ్నకు బదులు మాత్రము రాదు. తప్పు పిల్లవానిది కాదు. శాస్త్రమును వానికి వినిపించిరే కాని వాని చేత చేయింపలేదు.

ఈ లోపము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రాచార్యుడు ఎరిక్ మజూర్ తన ఉపన్యాసములు విద్యార్థుల తలకెక్కుట లేదని గ్రహించి, 1991 ప్రాంతమున ఒక పద్ధతి ఆరంభించెను. ఆచార్యుడు ఒక ప్రశ్న వేయును. ప్రతి విద్యార్థియు ముందు తనంతట తాను ఒక సమాధానమును ఎన్నుకొనును. పిమ్మట ప్రక్కవానితో వాదించి మరల ఎన్నుకొనును. భూశాస్త్రోపాధ్యాయులును దీనిని తమ తరగతులలోనికి తెచ్చుకొనిరి.

పై తండ్రి ప్రశ్ననే తీసికొనవచ్చును. రెండు డబ్బాల అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మైనముతో మూసి, ఒకదానిలో ఇసుకను, రెండవదానిలో పొడి చేసిన బంకమన్నును సమముగా నింపవలెను. ఏది ఎక్కువ నీటిని పట్టును? తరగతిలో పెక్కుమంది ఇసుక యందురు. కొలిచిన నీటిని మెల్లగా పోయుచు, రాత్రియెల్ల నాననిచ్చినచో బంకమన్ను ఇసుకకు తీసిపోదు. తరచు దానిని మించును. మరునాడు మైనము తీసినప్పుడు అసలు వింత. ఇసుక డబ్బా ధారగా కారును. బంకమన్ను నాలుగు చుక్కలు విడిచి ఊరకుండును. దాని రేణువులు మిక్కిలి సూక్ష్మములు. వాని నడుమనున్న సందులు ఇంకను సూక్ష్మములు. అందు చిక్కిన నీరు రేణువులను అంటుకొని కదలదు. నీటిని పట్టుట వేరు, విడుచుట వేరు. భూమిలోపల నదులు పారుచున్నవని నమ్మిన విద్యార్థి ఈ డబ్బాను చూచిన తరువాత ఆ మాట మరల అనుటకు జంకును. తెలంగాణమునను రాయలసీమలోను పెక్కుచోట్ల రాతినేలలో నీరుండునది పై శిథిల పొరలోను, దాని క్రింది పగుళ్లలోను మాత్రమే.

కాలపరిమాణము ఇంతకంటె కష్టమైన సంగతి. భూమి వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరములని వ్రాసికొనుట సులభము, ఊహించుట దుర్లభము. అందులకు 46 మీటర్ల త్రాడొకటి చాలును. మీటరునకు 10 కోట్ల సంవత్సరములు, సెంటీమీటరునకు 10 లక్షలు. ఒక కొన భూమి పుట్టుక, రెండవ కొన నేటి దినము. రాక్షసబల్లులు నశించినదెక్కడో, మానవుడు పుట్టినదెక్కడో గుర్తు కట్టుడని చీటీలిచ్చినచో, విద్యార్థులు మానవుని కొననుండి బారెడు దూరమున కట్టుదురు. లెక్క చూచినప్పుడు నవ్వులు. రాక్షసబల్లుల అంతము కొననుండి 66 సెంటీమీటర్లు. మన జాతి పుట్టి సుమారు 3 లక్షల సంవత్సరములు. అనగా 3 మిల్లీమీటర్లు. వ్రాతపూర్వకమైన చరిత్ర యావత్తు ఒక తలవెండ్రుక మందమునకు మించదు.

త్రాడు చుట్టిపెట్టక పూర్వమే తిరుమల కనుమదారిని తలచుకొనవలెను. అచ్చట ప్రాచీన గ్రానైటు శిలపై కడప యుగపు ఇసుకరాతి పొరలు కూర్చున్నవి. ఈ రెంటి నడుమ సుమారు 80 కోట్ల సంవత్సరముల కాలము శిలారూపమున మిగులలేదని పండితుల అంచనా. అంచనాలలో కొంత భేదమున్నది. త్రాటిపై అది 8 మీటర్లు. యాత్రికుడు బస్సులో ఒక్క క్షణమున దాటిపోవు ఆ గీటు ఎదుట, త్రాటిని చేతపట్టిన విద్యార్థి కొంతసేపు నిలువక మానడు.

భూకంపముల పాఠమునకు వృత్తలేఖిని, పటము చాలును. తొలి తరంగము సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, రెండవది సుమారు 3.5 కిలోమీటర్లు పోవును. మెఱుపునకును ఉఱుమునకును నడుమ సెకనులు లెక్కపెట్టువాడు పిడుగు దూరమును చెప్పినట్లే, ఈ రెండు తరంగముల నడుమ ఒక్కొక్క సెకను ఎడమునకు సుమారు 8 కిలోమీటర్లు కట్టవచ్చును. మూడు కేంద్రములనుండి మూడు వృత్తములు గీసిన, అవి కలిసిన తావే భూకంప స్థానము. 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతము కంపించినది గనుక ఈ పాఠము ఎవరికో చెందినది కాదు.

ఇట్లు బోధించిన పాఠ్యప్రణాళిక పూర్తి కాదని ఉపాధ్యాయుల అభ్యంతరము. అది నిజమే, డబ్బాల పనికే రెండు దినములు పట్టును. నాలుగు ప్రకరణములు విద్యార్థి ఇంట చదువుకొనుటకు విడువవలసియుండును. అట్టి చదువునకు గ్రంథాలయమున్నది. త్రాటికి మాత్రము బడి ఆవరణ కావలెను. స్థలము చాలనిచో మెలికలు త్రిప్పి పరచినను లెక్క తప్పదు.