ఇంటియొద్ద బంపరునకు రంగు

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమను క్రొత్త పేరు పొందిన పోర్టు బ్లెయరు పట్టణమున, కారు గల ఉద్యోగి బంపరుపై గీత పడకుండ చిరకాలము గడుపుట అరుదు. చాథం రేవున బాంబూఫ్లాటునకు పోవు బండ్ల ఫెర్రీలోనికి ఎక్కించునపుడు ఒకటి రాచుకొనును. కొండవాలు వీథిలో నిలుపునపుడు మఱియొకటి. బదిలీ ఉత్తరువు వచ్చి కారు అమ్మవలసిననాడు ఆ గీతలే వెలను తగ్గించును. అందుచే కొందఱు గృహస్థులు ఆదివారమునాడు తామే రంగుడబ్బా చేతబట్టుదురు. అట్లు వేసిన రంగు ఫ్యాక్టరీ రంగుతో కలియునా యనునదే నేటి విషయము.

అంబాసిడరు, ఫియట్ కార్ల బంపరు ఉక్కుది. దానిపై క్రోమియము పూత మెఱయుచుండెడిది. ఉప్పుగాలికి త్రుప్పు పట్టినచో మరల పూతకు పంపుటయే గాని యింట చేయదగిన పని యుండెడిది కాదు. నేటి బంపరు సాధారణముగా పాలీప్రొపిలీను జాతి ప్లాస్టిక్కు. తామరాకు నీటిని నిలుపనట్లే యిది రంగును పట్టనీయదు. కావున ప్లాస్టిక్కు బయటపడిన చోట, రంగు అంటుకొనుటకై అమ్మబడు ప్రత్యేకమైన ప్రైమరు ముందు పూయవలెను. ఇది మఱచినవాని రంగు కొలది నెలలకే పొరలు పొరలుగా లేచిపోవును.

మఱియొక సంగతి కలదు. కర్మాగారమున ఉక్కు శరీరమునకు రంగు వేసి సుమారు 140 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఆరబెట్టుదురు. ప్లాస్టిక్కు అంత వేడికి వంగిపోవును గనుక బంపరును తఱచు వేఱుగా, సుమారు 80 డిగ్రీలలో ఆరబెట్టుదురు. అందుచే క్రొత్త కారునందు సైతము బంపరు ఛాయకును, తలుపు ఛాయకును స్వల్పభేదము కనబడుట కలదు. ఈ సత్య మెఱిగిన గృహస్థునకు సగము బెంగ తీరును.

రంగు సంకేతము తలుపు స్తంభముపైనో, బానెట్టు క్రిందనో అతికిన పలకపై నుండును. ఆ సంకేతము చెప్పి కలిపించిన రంగే కొనవలెను. ఉత్త “తెల్లరంగు” అని అడిగి తెచ్చినది తెల్లగానే యుండును గాని, ఆ కారు తెలుపు కాజాలదు. పైగా సంకేతము కారు పుట్టిననాటి రంగును చెప్పును; ఏండ్ల యెండకు వెలసిన రంగును చెప్పదు. కనుక ముందొక అట్టముక్కపై పూసి, ఆరిన పిదప కారుప్రక్క నుంచి పగటివెలుగున పోల్చి చూడవలెను. భారతదేశపు గడియారము 82½ డిగ్రీల రేఖాంశమును అనుసరించును. ఈ దీవులు దానికి దాదాపు పది డిగ్రీలు తూర్పున నున్నవి. అందుచే ప్రొద్దు నలుబది నిమిషములు ముందుగానే క్రుంకును. శీతకాలమున కార్యాలయమునుండి యిల్లు చేరునప్పటికే చీకటి. ట్యూబులైటు క్రింద కలిసినదనుకొన్న రంగు తెల్లవారి చూచునప్పటికి వేఱుగా కనబడును.

ఇక పని. సబ్బునీట కడిగి, ఉప్పును, పాలిషు జిడ్డును పూర్తిగా పోగొట్టవలెను. గీత అంచులను 400 నంబరు నీటికాగితముతో అణచి, 600, 800 నంబర్లతో నునుపు చేయవలెను. లోతైన గంటు ఉన్నచో ప్లాస్టిక్కునకు తగిన లప్పము పెట్టవలెను. ఇల్లు అలుకగనే పండుగ కాదందురు. కాని అలుకని యింట పండుగ శోభింపదు. తరువాత జానెడు దూరమునుండి పలుచని పూతలు మూడు నాలుగు, నడుమ ఆరనిచ్చుచు వేయవలెను. మెటాలిక్ రంగైనచో జాగ్రత్త హెచ్చుగా వలయును. తడిగా చిమ్మినచో అందలి అల్యూమినియపు రజను అడుగునకు దిగి రంగు నల్లబడును. పొడిగా చిమ్మినచో తెల్లబడును. పూతను నట్టనడుమ ఆపక బంపరు మడత గీతవఱకు సాగించినచో కంటికి తేడా దొరకదు.

ఈ దీవులలో పలువురి పనిని చెఱచునది చేతి లోపముకంటె గాలిలోని తేమ. ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. మే మొదలు డిసెంబరు దాక రెండు ఋతుపవనములు. రంగులోని థిన్నరు ఆవిరియగునపుడు పూత చల్లబడి, గాలిలోని తేమ దానిపై దిగి పాలమీగడవంటి తెల్లని తెర యేర్పడును. జనవరి మొదలు ఏప్రిలు వఱకు, మంచు ఆరిన పిదప, ఎండ ముదరకమునుపు నీడపట్టున పని చేయుట మేలు.

ఫ్యాక్టరీ మెఱుపు సాధారణముగా రంగులో లేదు. దానిపైని క్లియరు పూతలో నున్నది. హార్డెనరు కలుపు రెండు డబ్బాల క్లియరు గట్టిది. కాని అందలి ఐసోసయనేటు తుంపర ఊపిరితిత్తులకు హానికరము, ఉబ్బసము కలుగవచ్చును. ముక్కునకు కట్టిన రుమాలు దానిని ఆపజాలదు. క్వార్టర్ల వరండాలలో పసిపిల్లలు, వృద్ధులు తిరుగుచుందురు, ప్రక్కనే వంటపొయ్యి. కావున ఆ గట్టిపూతయే కావలెనన్నచో తగిన సాధనములు గల పెయింటింగు షెడ్డునకు మొదటినుండియే అప్పగింపవలెను. ఇంట చేయువారు హార్డెనరు లేని డబ్బా క్లియరును బయలు ప్రదేశమున చల్లి, త్వరగా మాయునని తెలిసి తృప్తిపడవలెను. ఆ స్ప్రేడబ్బాలను విమానపు సామానులో తెచ్చుట నిషిద్ధము.

చివరిమాట. బంపరు లోపల తాకిడిని ఓర్చు దూలము, దానిపై నురుగుదిమ్మ ఉండును. అవి పగిలియుండగా పైన రంగు పూసి అమ్ముట “పైన పటారం, లోన లొటారం” అను సామెతకు ఉదాహరణమగును. కొన్నవాని ప్రాణములకు ముప్పు. వెనుకకు నడుపునపుడు హెచ్చరించు సెన్సార్లపై దట్టముగా రంగు వేసినచో అవియు పని చేయకపోవచ్చును. గీతను రంగుతో కప్పవచ్చును. పగులును మాత్రము కొనువానికి చూపి చెప్పవలెను.

స్వస్తి.